గుండె దడతోనే గ్రూప్-2 రాశాను

తెలంగాణ గ్రూప్-2 ఉద్యోగాల సెలక్షన్ లిస్టులో నా హాల్‌టికెట్ నంబరు మూడుసార్లు చూసుకున్నాక బాపుకి ఫోన్ చేశాను. ఇద్దరికీ మాట రాలేదు. ఏ పుస్తకాలు చదివావక్కా అని చాలామంది అడుగుతున్నారు. అందరూ చదివేవే చదివాను. నేను చెప్పాలనుకున్నది వేరు.

2023 జులై 1, గ్రూప్-4 ఉద్యోగాల పరీక్ష. పొద్దున పేపర్ బాగానే రాశాను. మధ్యాహ్నం సెక్రటేరియల్ ఎబిలిటీస్ పేపర్. రీజనింగ్ నాకు కొట్టిన పిండి. కానీ మొదటి మూడు ప్రశ్నలూ తట్టలేదు. అంతే, గుండె దడ మొదలైంది. గొంతు తడారిపోయింది, కడుపులో దేవింది. అరచేతి చెమటకి ఓఎంఆర్ షీటు, అంటే జవాబుల బబుల్స్ దిద్దే కాగితం, అంచు మెత్తబడింది. ఒకే వాక్యం నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. 62వ ప్రశ్న జవాబు 63లో దిద్దానని తెలిసేసరికి పదిహేను బబుల్స్ దాటిపోయాను. బాల్‌పెన్ను కదా, చెరపడానికి లేదు. ఆ ఉద్యోగం అలా పోయింది.

చుట్టాలు పిరికిదన్నారు. నేనూ నమ్మాను.

ఆ తర్వాత చిక్కడపల్లి లైబ్రరీలో జనరల్ సైన్స్ రివిజన్ చేస్తున్నాను. అధివృక్క గ్రంథులు, అడ్రినలిన్, పోరాట పలాయన హార్మోన్. ఆ బిట్‌కి జవాబు ఎన్నిసార్లు పెట్టి ఉంటానో. ఆ రోజు మాత్రం కింది వరుసల దగ్గర ఆగిపోయాను. గుండె వేగం పెరుగుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది, రక్తం కండరాల వైపు మళ్లుతుంది. పరీక్ష హాల్లో నాకు జరిగింది అదే! పాము ఎదురైతే పరుగెత్తడానికి శరీరం చేసుకునే ఏర్పాటు అది. భయపడినప్పుడు కళ్లముందు పాము ఉంటుంది. ఆందోళనలో ‘రాకపోతే ఎలా?’ అన్న ఆలోచనే ఉంటుంది. కుర్చీలోంచి ఎక్కడికి పరుగెత్తుతాం?

నేను పిరికిదాన్ని కాదు. నా ఒళ్లు దాని పని అది చేసింది. ఆ మాట నాకెవరూ చెప్పలేదు, అందుకే మీకు చెప్తున్నాను.

గ్రూప్-2 వాయిదాల మీద వాయిదాలు పడుతుంటే ప్రతి ఆదివారం రెండున్నర గంటల మాక్ టెస్ట్ రాశాను, ఓఎంఆర్ మీదే. ఒక్క వారం కూడా మానలేదు. దడ వస్తే పెన్ను కిందపెట్టి, పీల్చిన దానికంటే నెమ్మదిగా ఊపిరి వదిలేదాన్ని. వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది. పది ప్రశ్నలకోసారి నంబరు సరిచూసుకునేదాన్ని. ఇవి పరీక్షకి ముందురోజు నేర్చుకుంటే రావు. రాత్రంతా మేలుకుని చదివామని గొప్పగా చెప్పుకునేవాళ్లు ముందు నిద్ర సంగతి చూసుకోండి. పరీక్ష లేని రోజుల్లోనూ దడ, నిద్రలేమి వదలకపోతే దాచుకోకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి, 14416 నంబరుకి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.

2024 డిసెంబర్ 15, పేపర్-1. దడ మళ్లీ వచ్చింది. అరచేయి చున్నీకి తుడుచుకున్నాను, ఊపిరి వదిలాను, ప్రశ్న నంబరు మీద వేలు పెట్టి బబుల్ దిద్దాను.