స్టోన్డ్‌హెంజ్ వినిపించే పని: 11 మంది, రెండు సైడ్లు, ఇప్పటిదాకా సంగతులు

జనవరి మొదటి వారం

ఇంగ్లండ్ బ్లూస్ రాక్ బ్యాండ్ టెన్ ఇయర్స్ ఆఫ్టర్ వాళ్ళ స్టోన్డ్‌హెంజ్ ఎల్పీ ఎట్టకేలకు దొరికింది. నాటింగ్‌హామ్‌లో ఆదివారం సంతలో ఒక అట్టపెట్టె అడుగున ఉంది, 18 పౌండ్లు, అట్ట అంచులు చివికిపోయాయి గానీ లోపల ప్లేటు బానే ఉంది. డెరామ్ లేబుల్, ఎస్ఎమ్ఎల్ 1029, అంటే స్టీరియో కాపీ అన్నమాట, మోనో అయితే డీఎమ్ఎల్ అని ఉంటుంది. 1968 సెప్టెంబర్‌లో లండన్ వెస్ట్ హాంప్‌స్టెడ్‌లో డెక్కా స్టూడియోలో రికార్డ్ చేసి 1969 ఫిబ్రవరిలో వదిలారు, ప్రొడ్యూసర్ మైక్ వెర్నన్, గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్‌తో బ్లూస్ గాయకుడు జాన్ మేయల్ చేసిన 1966 ఆల్బమ్ కూడా ఆయన చేతి మీదుగా వచ్చిందే. బ్యాండ్ గిటారిస్టూ గాయకుడూ అయిన ఆల్విన్ లీ పుట్టింది నాటింగ్‌హామ్‌లోనే, నేను ఆరేళ్ళుగా ఉద్యోగం చేసుకుంటున్నదీ ఈ ఊళ్ళోనే, అందుకే ఇది ఇక్కడే దొరకడం నాకు మాటల్లో చెప్పలేనంత సంతోషం.

ఈ ఆల్బమ్ గురించి ఎవర్ని కదిపినా రెండే మాటలు వినిపిస్తాయి, ఒకటి "సగం పాటలు నింపడానికి పెట్టారు", రెండు "వాళ్ళు ధైర్యం చేసి చేసిన ఒకే ఒక్క ఆల్బమ్ ఇది". నాలుగేళ్ళుగా ఫోన్లో వింటూ నేనూ ఎటూ తేల్చుకోలేకపోయా. గొడవంతా నాలుగు చిన్న ముక్కల దగ్గరే. బ్యాండ్‌లో నలుగురు ఉంటే నలుగురికీ తలా ఒక సోలో ముక్క ఇచ్చారు: చిక్ చర్చిల్ పియానో (ఐ కాంట్ లివ్ వితౌట్ లిడియా), ఆల్విన్ లీ నోటితో, గిటార్‌తో కలిపి ఒకటే పలుకు పలికించే స్కూబ్లీ ఊబ్లీ డూబాబ్, రిక్ లీ డ్రమ్స్ మీద త్రీ బ్లైండ్ మైస్, లియో లయన్స్ బేస్ మీద ఫారో. ఒక్కటీ రెండు నిమిషాలు ఉండదు, డ్రమ్స్ ముక్కైతే 57 సెకన్లే.

సో నేను అనుకున్నది ఏంటంటే, కనీసం పది మందికి ఒక్కొక్కరిగా కూచోబెట్టి మొత్తం వినిపించాలి, సైడ్ మధ్యలో మాటల్లేవు, ఫోన్లు పక్క గదిలో, ఒక సైడ్ అయ్యాక ఐదు నిమిషాలు వాళ్ళు ఏమంటే అది వాళ్ళ మాటల్లోనే నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

రెండో వారం

ప్లేటు కడిగా. డిస్టిల్డ్ వాటర్‌లో కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి గుడ్డతో గాడి వెంబడే తుడవాలి, అడ్డంగా రుద్దకూడదు, తర్వాత ఉట్టి డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి, ఒక రాత్రంతా నిలబెట్టి ఆరబెట్టా. లేబుల్ మీద నీళ్ళు పడకుండా పాత ప్లాస్టిక్ డబ్బా మూత అడ్డం పెట్టా, బాగా పనికొచ్చింది. ముల్లు ఉండే కార్ట్రిడ్జ్ ఆడియో టెక్నికా వీఎమ్95ఈ, ముల్లు బరువు సరిగ్గా 2 గ్రాములు, చిన్న డిజిటల్ త్రాసుతో చూసి పెట్టా.

కంప్యూటర్లోకి కూడా ఎక్కించా, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, పీక్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా. నాయిస్ రిడక్షన్ ఒకసారి పెట్టి చూసి తీసేశా, ఎందుకంటే ఎ శాడ్ సాంగ్ లాంటి నెమ్మది పాటలో చిటపటలతో పాటు డ్రమ్స్ సింబల్స్ చివరి మోత కూడా పోతోంది, ఆ మోత లేకపోతే ఆ పాటలో గది ఉన్నట్టే అనిపించట్లా.

మూడో వారం

మొదటి ముగ్గురి అభిప్రాయాలు పక్కన పెట్టేయాల్సి వచ్చింది, చాలా బాధేసింది. మూడో శ్రోత కీబోర్డ్ వాయిస్తాడు, హియర్ మీ కాలింగ్ వస్తుంటే ఇంట్లో ఉన్న కీబోర్డ్ మీద రెండు మీటలు నొక్కి "శ్రుతి కొంచెం పైకుంది బావా" అన్నాడు. స్ట్రోబ్ డిస్క్ (ప్లేటు తిరిగే స్పీడ్ చూసే గీతల చక్రం) ప్రింట్ తీసి దీపం కింద పెట్టి చూస్తే గీతలు నిలబడట్లా, ముందుకు జారిపోతున్నాయి. మొదటి సైడ్ దాదాపు 18 నిమిషాల 20 సెకన్లు రావాలి, నాకు 11 సెకన్లు ముందే అయిపోతోంది, అంటే ఒక శాతం స్పీడ్ ఎక్కువ. టర్న్‌టేబుల్ అడుగున చిన్న స్క్రూ ఉంటది, దాన్ని వెంట్రుక వాసంత తిప్పితే సరిపోయింది. ఒక శాతమే కదా అనుకోవద్దు, ఆల్విన్ లీ గొంతు కాస్త సన్నగా, కుర్రాడిలా వినిపిస్తది, వుమన్ ట్రబుల్‌లో ఆ జాజ్ ఊపు తొందరపడినట్టు ఉంటది. ఆ ముగ్గురినీ మళ్ళీ పిలిచా, అందరూ వచ్చారు, టిఫిన్లు పెట్టా.

ఫిబ్రవరి

ఇక అసలు సంగతి. 11 మందిలో ఎనిమిది మందికి ఎల్పీ మీద వినిపించా, ముగ్గురికి మాత్రం కావాలనే ముందు ఫోన్లో షఫుల్ మీద, అంటే వరస కలిపేసి, పెట్టి ఇచ్చా.

షఫుల్‌లో విన్న ముగ్గురికీ చిన్న ముక్కలు నచ్చలా. మా అక్క కొడుక్కి 15 ఏళ్ళు, త్రీ బ్లైండ్ మైస్ అయిపోగానే "మామయ్యా, పాట మొదలవ్వకుండానే ఆగిపోయిందేంటి" అన్నాడు. ఫారో అయితే ఫోన్ స్పీకర్లో దాదాపు వినిపించనే లేదు, బేస్ ఒక్కటే వాయిస్తుంటే ఆ స్పీకర్‌కి పలికే శక్తి ఎక్కడిది, "ఖాళీ ట్రాక్ ఏదో వచ్చింది" అని రాయించారు ఇద్దరు. ఆల్బమ్ బాలేదు అనే మాటల్లో సగం ఇక్కడే పుడుతున్నాయి అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఎల్పీ మీద విన్నవాళ్ళ మాట వేరే. మృదంగం నేర్చుకున్న అన్న ఒకరున్నారు, విజయవాడ ఆయన, ఇక్కడ లెస్టర్‌లో ఉంటారు. త్రీ బ్లైండ్ మైస్ వస్తుంటే ముందుకి వంగి టీపాయ్ మీద వేళ్ళు ఆడించడం మొదలెట్టారు, అయిపోయాక ముల్లు వెనక్కి పెట్టమని సైగ చేశారు, మాట్లాడకూడదు కదా మరి. మూడుసార్లు విన్నాక "ఒరేయ్, ఇది సోలో కాదురా, పాట. డ్రమ్ము చేత పాట పాడించాడు, చర్మం బిగింపులు వేర్వేరుగా పెట్టుకోకపోతే ఆ మెట్లు రావు" అన్నారు. తని ఆవర్తనం అరగంట వాయించే మనిషి 57 సెకన్ల ముక్కని అంత మర్యాదగా వినడం చూసి నాకు గొంతు పట్టేసింది.

మా ఆవిడకి స్కూబ్లీ నచ్చింది, వీణ వాయిస్తూ పాడేవాళ్ళకి గొంతూ తీగా ఒకటైపోతాయి కదా అలా ఉంది అంది. నో టైటిల్ అనే పాట మాత్రం తనకి బరువైపోయింది, ఎనిమిది నిమిషాలు పైనే, గుసగుసలా మొదలై పోనుపోనూ ఇల్లదిరేలా అవుతుంది. (ప్రాక్టికల్ మాట: వాల్యూమ్ ఈ పాట మొదట్లో సెట్ చేయొద్దు, గట్టిగా వచ్చే చోట చూసి పెట్టుకోండి, పక్కింటివాళ్ళ కోసమైనా.)

పక్కింటాయన గురించే చెప్పాలి. రిటైరైన బస్ డ్రైవర్, ఈ ఊరి మనిషే, ఈ ఎల్పీ వచ్చిన నెలలోనే కొన్నాడట. అప్పుడు తనకి నచ్చలేదట. కారణం నాకు బాగా అర్థమైంది, దానికి ముందు 1968లో వచ్చిన వాళ్ళ అన్‌డెడ్ ఆల్బమ్, క్లూక్స్ క్లీక్ అనే క్లబ్‌లో లైవ్‌గా రికార్డ్ చేసింది, అందులో ఆల్విన్ లీ వేళ్ళ వేగం చూసి అందరికీ పిచ్చెక్కింది, ఆ వేగం కోసమే ఎదురుచూస్తున్నవాళ్ళ చేతికి పియానో ముక్కా డ్రమ్స్ ముక్కా పెడితే కోపం రాదా. చివరి పాట స్పీడ్ కిల్స్ ఒక్కటే మళ్ళీ మళ్ళీ వేసుకునేవాడట, మిగతాది ముట్టుకోలేదట. హియర్ మీ కాలింగ్ మాత్రం స్లేడ్ బ్యాండ్ వాళ్ళు 1972 లైవ్ ఆల్బమ్‌లో మొదటి పాటగా పెట్టాకే దాని విలువ తెలిసిందన్నాడు.

ఫిబ్రవరి చివర

నోట్‌బుక్ తిరగేస్తుంటే ఒకటి కంటపడింది, నాలుగేళ్ళు విని కూడా గమనించలా. సైడ్‌కి ఐదు ట్రాకులు, రెండు సైడ్లలోనూ చిన్న ముక్కలు రెండో చోటా నాలుగో చోటా ఉన్నాయి. పెద్దది, చిన్నది, పెద్దది, చిన్నది, పెద్దది. రెండు సైడ్లూ ఒకే అచ్చు. ఆల్బమ్ పేరులో దాగున్న స్టోన్‌హెంజ్ రాళ్ళ వలయంలో, దూరం దూరంగా నిలబెట్టిన రాళ్ళ మధ్య సందుల్లా. అనుకోకుండా పడేది కాదు ఇది, ఎవరో కూచుని పేర్చారు. ఇది నింపుడు సరుకు అనేవాళ్ళ మాట నేను ఇక ఒప్పుకోను.

సరి చూద్దామని కంప్యూటర్ ఫైల్లోంచి నాలుగు ముక్కలూ తీసేసి ఆరు పాటలే వరసగా ఒక కాపీ చేశా, ఐదు నిమిషాల పైచిలుకు తగ్గింది. వుమన్ ట్రబుల్ అవ్వగానే హియర్ మీ కాలింగ్ వచ్చి మీద పడుతోంది, చెవికి ఊపిరి లేదు. ఇద్దరికి వినిపించా, ఇద్దరూ మొదటి సైడ్ అయ్యేసరికే "ఇంకా ఎంతుంది" అని అడిగారు, పూర్తి ఎల్పీ విన్న ఎనిమిది మందిలో ఆ మాట అడిగింది ఒక్కరే. ఇద్దరితో ఏం తేలదు, ఇంకో ఆరుగురైనా కావాలి, మార్చిలో పిలుస్తా.

బోనస్ ట్రాకులున్న సీడీతో వినేవాళ్ళకి ఒక మాట, స్పీడ్ కిల్స్ దగ్గర ఆపేయండి, తర్వాత వచ్చేవి ఈ పేర్పులోవి కావు.

నిన్న సాయంత్రం పక్కింటాయన తలుపు కొట్టాడు, చేతిలో తన పాత కాపీ. మొదటి సైడ్ పెట్టమన్నాడు. దీపం కింద పట్టి చూస్తే రెండో సైడ్ చివరి పాట దగ్గర గాడి బూడిద రంగులోకి అరిగిపోయి ఉంది, మొదటి సైడ్‌లో లిడియా దగ్గర మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది, ఒక్క గీత లేదు. పియానో అయ్యేదాకా ఇద్దరం నిలబడే విన్నాం.