పిన్ మార్చాక కార్డు బ్లాక్ అయింది: నా అనుభవం

కార్డు మళ్లీ పనిచేస్తోంది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

12 ఏళ్లు ఒకే పిన్ వాడాను. మార్చుకోమని బ్యాంకు పదేపదే మెసేజ్‌లు పంపితే రెండు కార్డుల పిన్‌లూ ఒకే రోజు మార్చేశాను. సులువుగా గుర్తుంటాయని పాత అంకెలనే అటూ ఇటూ చేశాను. వారం తర్వాత ఏటీఎం దగ్గర వేళ్లు వాటంతటవే పాత పిన్ నొక్కాయి. రెండోసారి రెండో కార్డుది కొట్టాను. మూడోసారి అన్నీ కలగలిసిపోయాయి. కార్డు బ్లాక్.

బ్యాంకులో ఫారం నింపడం, గుర్తింపు కార్డు చూపడం, సంతకం పది నిమిషాల పని.

ఆ తర్వాత కౌంటర్లో ఉన్నతను ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు చెప్పమన్నాడు. చెప్పాను. కాదన్నాడు. మళ్లీ అదే చెప్పాను. ఆర్నెల్ల కిందట నంబరు మార్చాను, ఖాతాలో మార్పించిందీ నేనే. అయినా నోటికి పాతదే వస్తోంది. కొత్తది మొదలుపెడితే సగంలో పాతదాని అంకెలు దూరుతున్నాయి. ఫోన్ చూసి చెబుతానంటే ఒప్పుకోలేదు. "ఏం మేడమ్, మీ నంబరే మీకు తెలీదా? ఇంట్లోవాళ్లని ఎవరినైనా తీసుకురండి" అన్నాడు, వెనకున్న వరసంతా వినేలా. 18 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఏ సూత్రమైనా పుస్తకం తెరవకుండా బోర్డు మీద రాస్తాను. ఆ క్షణంలో మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

పక్కన కుర్చీలో కూర్చున్నాను. కొత్త సిమ్ వేసిన రోజు చెల్లికి ఆ నంబరు చదివి రాయించడం గుర్తొచ్చింది. ఆ గొంతుతో, ఆ విరుపులతో మనసులో చదివితే పది అంకెలూ వరసగా వచ్చేశాయి. వెళ్లి చెప్పాను. అతను ఒక్క మాటా అనకుండా కార్డు తెరిచాడు.

టీచర్ శిక్షణలో చదివిన పాఠమే ఇది. పాత జ్ఞాపకం కొత్తదానికి అడ్డుపడితే పురోగమన అవరోధం, కొత్తది పాతదానికి అడ్డుపడితే తిరోగమన అవరోధం. రెండూ ఎంత పోలికగా ఉంటే చిక్కు అంత ఎక్కువ. కాలం గడిచేకొద్దీ జ్ఞాపకం అరిగిపోతుందనుకుంటాం గానీ, 1957లో అండర్‌వుడ్ అనే మనస్తత్వవేత్త, జాబితాలు కంఠస్థం చేయించిన పాత ప్రయోగాలు ఎన్నో పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకే ఒక్క జాబితా నేర్చుకున్నవాళ్లకు మర్నాటికి సుమారు 75 శాతం గుర్తుంది. అంతకుముందే ఎన్నో జాబితాలు నేర్చుకున్నవాళ్లకు 25 శాతం లోపే. గడిచింది అందరికీ ఒకే 24 గంటలు. నన్ను తికమకపెట్టింది కూడా మతిమరుపు కాదు, పాత అంకెల అలవాటు. ఈ మాట ఆ కౌంటర్ దగ్గరే గట్టిగా చెప్పి మేనేజర్ని పిలిపించాల్సింది. మీకిలా జరిగితే తప్పకుండా పిలిపించండి.

రెండు పిన్‌లు ఒకే రోజు మార్చకండి. పాతదానికి దగ్గరగా ఉండే అంకెలు అసలే వద్దు. మార్చిన వారంలో రోజుకోసారి ఎక్కడా చూడకుండా కొత్తదాన్ని మనసులో తెచ్చుకోండి. కాగితం మీది అంకెలు ఎన్నిసార్లు చదువుకున్నా అంత పట్టు రాదు.

ఈసారి పాతదానితో ఒక్క అంకె కూడా కలవని పిన్ పెట్టాను. నిన్న మిషన్ ముందు నిలబడితే ముందు పాతదే మెదిలింది. చెయ్యి వెనక్కి తీసుకుని, ఒక్క క్షణం ఆగి, కొత్తది కొట్టాను.