తుపాకి దించిన గఢ్వాలీలు, పగ మానిన పఠాన్లు

సామ్రాజ్యాల పతనం గురించి మాట్లాడుకునేటప్పుడు ఖాళీ అయిన ఖజానాలను, ఓడిపోయిన యుద్ధాలను, చేతగాని వారసులను కారణాలుగా చెప్పుకుంటాం. అవి కాదనలేనివే. అయితే బ్రిటిష్ సామ్రాజ్యం విషయంలో నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నది 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లోని కిస్సా ఖ్వానీ బజారులో జరిగిన ఘటన. కాల్చమని ఆజ్ఞ వచ్చిన తరువాత కూడా అక్కడ కొందరు సిపాయిలు కాల్చలేదు. వారి ఎదుట నిలబడిన జనం ఎవరో, వారు అలా నిలబడడానికి ముందు ఎంత పని జరిగిందో తెలిస్తే తప్ప ఆ నిరాకరణ బరువు మనకు అందదు.

పెషావర్ ఉన్న వాయవ్య సరిహద్దు రాష్ట్రాన్ని 1901లో వైస్రాయి కర్జన్ ఏర్పాటు చేశాడు. ఆ ఏడాదే అమల్లోకి వచ్చిన సరిహద్దు నేరాల చట్టం ప్రకారం ఒక్కడు చేసిన తప్పుకు తెగ మొత్తాన్ని శిక్షించవచ్చు. అక్కడి పఠాన్ల సమాజంలో పగ తీర్చుకోవడం పరువుకు సంబంధించిన విషయం. తండ్రి మొదలుపెట్టిన పగ కొడుకుకు, అతని నుంచి మనుమడికి ఆస్తిలా సంక్రమించేది. పాలకులకు ఈ స్థితి ఏమాత్రం ఇబ్బంది కలిగించలేదనే నా అభిప్రాయం. తుపాకి పట్టినవాడిని ఎలా అణచాలో సామ్రాజ్యానికి బాగా తెలుసు, పైగా వాడు తుపాకి పట్టాడన్న మాటే సైన్యాన్ని అక్కడ ఉంచడానికి సాకుగా పనికివచ్చేది.

ఉత్మాన్‌జయ్ గ్రామంలో 1890లో ఒక భూస్వామి ఇంట పుట్టిన ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ ఈ ముడిని విప్పడానికి ఎంచుకున్న మొదటి సాధనం బడి. ఇరవై ఏళ్ళ వయసులోనే సొంత ఊళ్ళో పాఠశాల తెరిచాడు, 1921లో ఆజాద్ పాఠశాల స్థాపించాడు, ఊరూరా తిరిగి పిల్లలను చదివించమని తల్లిదండ్రులను బతిమాలాడు. ఆ రోజుల్లోనే ప్రభుత్వం ఆయనకు మూడేళ్ళ కఠిన శిక్ష విధించింది. మన పాఠ్యపుస్తకాలు ‘సరిహద్దు గాంధీ’ అన్న బిరుదుతోనే ఆయనను పరిచయం చేసి ముందుకు సాగిపోతాయి గానీ, ఈ బడుల సంగతి దాదాపుగా చెప్పవు. అది నాకు ఎప్పుడూ వెలితిగానే అనిపిస్తుంది.

1929లో ఆయన స్థాపించిన ఖుదాయీ ఖిద్మత్‌గార్ (దైవసేవకులు) సంస్థలో చేరదలచినవారు ఒక ప్రమాణం చేయవలసి ఉండేది. దేవుడికి మన సేవతో పని లేదు కనుక ఆయన సృష్టించిన మనుషులకు చేసే సేవే దైవసేవ అన్నది అందులోని మొదటి మాట. హింసకు, ప్రతీకారానికి దూరంగా ఉంటాననీ, బాధించినవారిని క్షమిస్తాననీ, రోజుకు కనీసం రెండు గంటలు సమాజసేవకు కేటాయిస్తాననీ మిగిలిన మాటలు. తెల్లబట్టలు త్వరగా మాసిపోతున్నాయని కార్యకర్తలు వాటికి ఇటుక రంగు వేయించుకున్నారు. ఆ ఎర్రచొక్కాలను చూసి అధికారులు బోల్షివిక్కులు (రష్యా కమ్యూనిస్టులు) వచ్చారని ప్రచారం చేశారు. కవాతులు, డప్పులు, హోదాలు అన్నీ సైన్యంలోలాగే ఉండేవి, ఆయుధం మాత్రం ఉండేది కాదు.

ప్రమాణంలోని ఆ రెండు గంటలే నా దృష్టిలో అసలు విషయం. దెబ్బకు దెబ్బ తీయకుండా నిలబడగలగడం ఒక సభలో ప్రసంగం విన్నంత మాత్రాన అబ్బే గుణం కాదు. ప్రతిరోజూ ఊరి వీధి ఊడ్చినవాడు, చదువు చెప్పినవాడు, పాత కక్షలు ఉన్న ఇంటికి రాజీ కోసం వెళ్ళినవాడు తన కోపాన్ని చిన్న చిన్న సందర్భాల్లో మింగడం ముందే నేర్చుకుని ఉంటాడు, కాబట్టి పెద్ద సందర్భం ఎదురైనప్పుడు అది అతనికి కొత్తగా ఉండదు. (మన చీరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య తీర్చిదిద్దిన రామదండు అనే సేవకుల దళం కూడా ఇటువంటి క్రమశిక్షణకే నిదర్శనం, 1921లో పన్ను కట్టడం ఇష్టంలేక వేలాది మంది ఇళ్ళు విడిచి ఊరి బయట పాకల్లో నెలల తరబడి కాపురం ఉండగలగడానికి ఆ సేవకులే ఆసరా.)

1930 ఏప్రిల్ 23న గఫార్ ఖాన్‌ను అరెస్టు చేశారు. పెషావర్‌లో జనం కిస్సా ఖ్వానీ బజారుకు చేరారు. సాయుధ శకటాలు గుంపులోకి దూసుకువచ్చాయి, కాల్పులు మొదలయ్యాయి. మృతులు ముప్పై మంది వరకు ఉంటారని ప్రభుత్వం చెప్పగా, ఆ సంఖ్య వందల్లో ఉందని ఇతరులు చెప్పారు. పగకు పేరుపడ్డ మనుషులు ఆ రోజు ఆయుధం పట్టలేదు. అక్కడికి పంపిన దళాల్లో గఢ్వాల్ రైఫిల్స్ పటాలం కూడా ఉంది. సిపాయిలు హిందువులు, ఎదుట ఉన్నవారు ముస్లింలు. ఈ తేడాయే తుపాకిని పేలుస్తుందని అధికారులు లెక్క వేసుకున్నారు. చంద్రసింగ్ గఢ్వాలీ, అతని సహచరులు నిరాయుధుల మీద కాల్చబోమన్నారు. వారిని సైనిక న్యాయస్థానం విచారించింది, చంద్రసింగ్‌కు యావజ్జీవ శిక్ష పడింది, 1941లో గానీ విడుదల కాలేదు. కొద్ది రోజుల పాటు పెషావర్ నగరంలో ప్రభుత్వ అధికారం చెల్లలేదు. లండన్‌లో తయారయ్యే ఆజ్ఞ చివరికి ఒక సిపాయి వేలి మీదుగానే అమలు కావాలి గనుక, ఆ వేలు కదలనప్పుడు సామ్రాజ్యం చేయగలిగినది చాలా తక్కువ.

ఈ కథ అక్కడ ఆగి ఉంటే ఎంతో బాగుండేది. 1946 ఎన్నికల్లో ఆ రాష్ట్ర ప్రజలు కాంగ్రెస్‌నే గెలిపించినా, మరుసటి ఏడాది దేశ విభజనకు కాంగ్రెస్ నాయకత్వం ఒప్పుకుంది. తమను తోడేళ్ళకు వదిలేశారని గఫార్ ఖాన్ బాధపడ్డారు. 1948 ఆగస్టు 12న, బ్రిటిష్‌వారు వెళ్ళిపోయి ఏడాది తిరగకముందే, చార్సద్దా దగ్గరి బబ్రాలో కొత్తగా ఏర్పడిన పాకిస్తాన్ ప్రభుత్వపు పోలీసులు ఖుదాయీ ఖిద్మత్‌గార్ల మీద కాల్పులు జరిపారు. గఫార్ ఖాన్ బ్రిటిష్, పాకిస్తాన్ ప్రభుత్వాల జైళ్ళలో గడిపిన కాలం దాదాపు మూడు దశాబ్దాలు. అహింసకు ఫలితం వెంటనే దక్కుతుందని నమ్మబలికేవారికి ఈ జీవితాన్ని నిండుగా చదవమని చెబుతాను.

అయినా నాకు ఆశ ఉంది, దానికి కారణం ఆయన మరణించిన కాలంలోనే కనిపిస్తుంది. 1988 జనవరి 20న పెషావర్‌లో ఆయన కన్నుమూశారు. కోరిక మేరకు అఫ్ఘానిస్తాన్‌లోని జలాలాబాద్‌లో ఖననం చేయడానికి వేలాది మంది ఖైబర్ కనుమ దాటి వెళ్ళారు. ఆ అంత్యక్రియల కోసం అక్కడి యుద్ధంలో కాల్పుల విరమణ పాటించారు, అయినా సంతాపానికి వచ్చినవారి మధ్య బాంబులు పేలి కొందరు చనిపోయారు. ఆ మే నెలలో సోవియట్ సేనలు వెనుదిరగడం అదే జలాలాబాద్ నుంచి మొదలైంది. ఆ సామ్రాజ్యాన్ని తుపాకులే తరిమాయి, కానీ అది వెళ్ళిన తరువాత అవే తుపాకులు కాబూల్ ఇళ్ళ మీదికి తిరిగాయి. ఖుదాయీ ఖిద్మత్‌గార్లు ఓడిపోయినప్పుడు మాత్రం వారి వెనుక బడులు మిగిలాయి, పగలు ఆరిపోయిన ఇళ్ళు మిగిలాయి. తరువాతివారు పని మొదలుపెట్టవలసి వస్తే ఏది దగ్గర దారి అన్న ప్రశ్నకు నాకు ఇక్కడే సమాధానం దొరుకుతుంది.