గడ్డం లేని డంబుల్‌డోర్

ఐర్లండ్‌లోని లిమరిక్‌లో, కిల్కీ అనే సముద్రతీరపు ఊరికి వెళ్లే బస్సు కోసం యాభై నిమిషాలు పడిగాపులు పడ్డాం. బోర్డు లెక్కన అది ఎప్పుడో వెళ్లిపోయింది. జూలై నెలలో స్వెట్టరు వేసుకుని, ఏటవాలుగా కొట్టే వానను చూస్తూ, టికెట్ల యూరోలను రూపాయల్లోకి మార్చుకుంటూ కూర్చున్నాను. "అలా లెక్కపెడితే ఇక్కడ మంచినీళ్లు కూడా తాగలేరు నాన్నా" అని డబ్లిన్‌లో అమ్మాయి ముందే చెప్పింది.

ఇదంతా మనవడి పట్టుదల. హ్యారీ పోటర్ మొదటి రెండు సినిమాల్లో గడ్డపు మాంత్రికుడు డంబుల్‌డోర్ వేషం వేసిన రిచర్డ్ హారిస్ ఊరు చూడాలట. హారిస్ కూడా ఆ వేషం వద్దనుకుంటే, పదకొండేళ్ల మనవరాలు ఇక నీతో మాట్లాడనని బెదిరించి ఒప్పించిందట. నా పరిస్థితీ అంతే.

ఆయన 1930లో పుట్టింది లిమరిక్‌లోనే. బెడ్‌ఫర్డ్ రో అనే వీధిలో విగ్రహం ఉంది, అయితే 'కేమలాట్' సినిమాలోని ఆర్థర్ రాజు వేషంలో. మన ఊళ్లలో ఎన్టీఆర్ కృష్ణుడిగా నిలబడడం చూసిన నాకు వింతగా లేదు. మనవడు మాత్రం "మంత్రదండం ఏది తాతయ్యా?" అన్నాడు. కిల్కీలో ఇంకో విగ్రహం ఉందంటే అక్కడికి బయలుదేరాం.

బస్సులో పక్క సీటు పెద్దాయన, హారిస్ పేరు వినగానే రగ్బీ గురించి మొదలుపెట్టారు. క్షయ పట్టి మంచాన పడకపోతే ఆయన సినిమాల వైపు చూసేవాడే కాదని వాదన. "మంచి ఆటగాణ్ని పోగొట్టుకున్నాం" అన్నారు, నిన్నో మొన్నో జరిగినట్టు. అలా ఆట దూరమైనవాడే 1963లో 'దిస్ స్పోర్టింగ్ లైఫ్'లో రగ్బీ ఆటగాడిగా నటించి కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడయ్యాడు. తొలి ఆస్కార్ నామినేషన్ కూడా దానికే.

నాకు మాత్రం హారిస్ అంటే 1990 నాటి 'ది ఫీల్డ్'. సముద్రపు నాచు మోసి మోసి బీడును పచ్చిక చేసుకున్న కౌలు రైతు. ఆ నేల కాస్తా వేలానికి వస్తుంది. మా నాన్న పదేళ్లు చేసిన కౌలు చేను మరొకరి చేతికి వెళ్లినప్పుడు ఇంట్లో రెండు రోజులు ఎవరూ మాట్లాడలేదు. ఆ సినిమా నేను రెండోసారి చూడలేదు.

కిల్కీలో వాన ఆగింది. గుర్రపు లాడం ఆకారంలో సముద్రం. గట్టు మీద ఒకావిడ ఉడికించిన సముద్రపు నత్తలను కాగితం పొట్లాల్లో అమ్ముతోంది. పొట్లంతో పాటు ఒక గుండుసూది. మా కాకినాడ తీరాన చేపలు, రొయ్యలు, పీతలు తిని పెరిగినవాణ్నే, అయినా నత్తకు చేయి వణికింది. "గుచ్చి మెల్లగా తిప్పండి" అని ఆవిడే చూపించింది. ఉప్పు తప్ప మరో రుచి లేదు. చిటికెడు కారం ఉంటేనా! మనవడు నా వాటా కూడా తినేశాడు.

పడమటి కొసన హారిస్ విగ్రహం. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు, చేతిలో రాకెట్. గోడకేసి బంతి కొట్టే ఆటలో ఆయన ఇక్కడ మేటి. 2006లో దీన్ని ఆవిష్కరించినవాడు రస్సెల్ క్రో. 'గ్లాడియేటర్'లో హారిస్ చక్రవర్తి, అతను సేనాని. ఇంత దూరం వస్తే కిరీటమూ లేదు, గడ్డమూ లేదు. నాకు ఉక్రోషం వచ్చింది.

మనవడు విగ్రహం చుట్టూ రెండుసార్లు తిరిగి, సంచిలోంచి బంతి తీసి దగ్గర్లోని గోడకు విసరడం మొదలుపెట్టాడు. బస్సు వేళవుతోందని పిలిచాను.

"ఆలస్యంగానే వస్తుందిగా తాతయ్యా" అన్నాడు.