పాత చైన్ డోజర్‌లో తుప్పుకు బిగిసిన బోల్టులు

నాలుగైదు వానాకాలాలు చేను గట్టున నిలబడిపోయిన డోజర్‌ను విప్పాలంటే పానా కంటే ముందు పార పట్టాలి. కరీంనగర్ గ్రానైట్ క్వారీల బండికైతే రాతిపొడి, చెరువు పూడిక తీసిన బండికైతే నల్లమట్టి చైన్ తిరిగే చట్రం (ట్రాక్ ఫ్రేమ్) సందుల్లో సిమెంటు లెక్క గడ్డకట్టి ఉంటుంది. తేమ దాంట్లోనే నిలుస్తుంది. గీకి, వైర్ బ్రష్‌తో మర కనిపించేదాకా రుద్దకపోతే ఏ నూనె పోసినా పైపైనే జారిపోతుంది.

ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఏటీఎఫ్ నూనె, అసిటోన్ సగం సగం కలిపితే మంచి నూనె అవుతుంది. రెండూ విడిపోతాయి, ప్రతిసారీ సీసా ఊపాలి. గ్యాస్‌నూనె (కిరోసిన్) కూడా పనిచేస్తుంది గానీ నిదానం. రోజుకు రెండుసార్లు చొప్పున మూడు రోజులు పోయండి. పోసినప్పుడల్లా బోల్టు తలమీద సుత్తితో పది పదిహేను చిన్న దెబ్బలు వేయండి. ఇనుము తుప్పయితే రెండింతలు దాటి ఉబ్బి మరల సందు మూసేస్తుంది. సుత్తి అదురుకు ఆ తుప్పు పగిలి నూనెకు దారి దొరుకుతుంది. మూడు రోజుల ఓపికే సగం పని.

ఆరు మూలల సాకెట్టే వాడండి, పన్నెండు మూలలది తలను గుండ్రం చేస్తుంది. ముందు బిగించే వైపు కొంచెం, తర్వాత విప్పే వైపు. పావు చుట్టు రాగానే ఆగి, నూనె వేసి, వెనక్కి తిప్పండి. కీచుమంటూ కదిలితే మర విడుతున్నట్టే. చప్పుడు లేకుండా మెత్తగా సాగితే బోల్టు మెలిపడుతోంది, వెంటనే ఆపండి. మీటరు పైపు తొడిగి 50 కిలోల బలం వేస్తే 16 ఎంఎం, 8.8 గ్రేడు బోల్టుకు బిగింపు లెక్క కంటే రెండింతలు మించుతుంది. తెగేది అక్కడే.

అప్పటికీ రాకపోతే గ్యాస్ మంట. అసిటోన్ తడి పూర్తిగా తుడిచి ఆరాకే ముట్టించాలి. కాల్చాల్సింది నట్టును, బోల్టును కాదు. నట్టు వ్యాకోచిస్తే దాని రంధ్రం వెడల్పవుతుంది. మసక ఎరుపు వచ్చాక కదిలించి, కాస్త చల్లారాక కొవ్వొత్తి తాకిస్తే మైనం సందులోకి దిగిపోతుంది. అలా కాల్చిన ట్రాక్ షూ (చైన్ పలకల) బోల్టుల్లో గట్టిదనం పోతుంది, కొత్తవి వేయాల్సిందే. చైన్‌ను తిప్పే గేర్ల పెట్టె (ఫైనల్ డ్రైవ్) సీళ్ల దగ్గర మంట వద్దు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట అసలే వద్దు, విషవాయువు పుడుతుంది.

తల తెగిన స్టడ్డుమీద నట్టు పెట్టి లోపలి నుంచి వెల్డింగ్ నింపండి. ఆ వేడికే పట్టు వదులుతుంది. తెగిన ముక్కకు బెజ్జం వేసి తిప్పి లాగే ఈజీ అవుట్ జోలికి పోకండి, లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాంట్లో దిగదు.

గ్రీజు ఒత్తిడితో చైన్ బిగువు ఉంచే ట్రాక్ అడ్జస్టర్ విషయం వేరు. గ్రీజు వాల్వును ఒక్క చుట్టుకు మించి వదలొద్దు, ముఖం ఎదురుగా పెట్టొద్దు. గ్రీజు రాలేదని ఫిట్టింగ్ ఊడదీస్తే అది తూటాలా వస్తుంది. అడ్జస్టర్‌కు మంట చూపించొద్దు. చైన్ తీసేసినా వెనుక రీకాయిల్ స్ప్రింగ్ టన్నుల బలంతో అణిగే ఉంటుంది, ప్రెస్సు ఉన్న వర్క్‌షాపులోనే దాన్ని విప్పించాలి.