అమ్మకానికి కాదు

మా షాపు వాచ్‌మన్ ఆ రోజు అడిగిన ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. గట్టిగా కూడా అడగలేదు. గేటుకి తాళం వేస్తూ, నా వైపు చూడకుండా, "ఆ అట్టముక్క మీద రేటు రాసిందెవరు, పత్రావ్?" అన్నాడంతే. జీతమిచ్చేవాడినీ, వాడి తరఫున పెత్తనం చేసేవాడినీ ఇక్కడ పత్రావ్ అనే అంటారు.

ఇది 2019 ఏప్రిల్ మాట. నేను మొజాంబిక్‌లోని బెయిరాలో ఒక హార్డ్‌వేర్ హోల్‌సేల్ షాపులో స్టోర్ చూస్తున్నాను. ఓనరు మన దేశం వాడే. మార్చి 14 రాత్రి ఇదాయ్ తుఫాను ఊరి మీద పడి అప్పటికి మూడు వారాలు దాటింది. ఆ రాత్రి గురించి రాయను. మా శ్రీకాకుళం ఉద్దానం వాళ్ళకి చెప్పక్కర్లేదు, తిత్లీ తుఫాను చూశారు. మిగతావాళ్ళకి ఎంత చెప్పినా ఆ చప్పుడు వినపడదు. గాలి పోయాక నీళ్ళొచ్చాయి. పుంగ్వే, బూజీ నదులు రెండూ పొంగి, ఊరవతల కనుచూపు మేర సముద్రం చేసేశాయి. హైవే తెగింది. కరెంటు లేదు, ఫోను లేదు. తీరా ఇంటికి ఫోను కలిస్తే అమ్మ "తిన్నావా" అని తప్ప ఇంకేమీ అడగలేకపోయింది. తమ్ముడు మాత్రం "మన నేవీ ఓడలొచ్చాయట కదా, టీవీలో చూపించారు" అన్నాడు. నిజమే, నేవీ ఓడలు సుజాత, శార్దూల్, కోస్ట్ గార్డ్ ఓడ సారథి ఈ రేవుకి అందరికంటే ముందొచ్చిన సాయాల్లో ఉన్నాయి. బజార్లో "ఇండియానో" అని పిలిచి చెయ్యి కలిపినవాళ్ళున్నారు. హెలికాప్టరు నేనే నడిపినట్టు ఓ వారం ఛాతీ విరుచుకుని తిరిగాను.

ఆ ఊపులోనే కాబోలు, మకినీనో మార్కెట్లో ఒకామె బియ్యం అమ్ముతుంటే నాకు కోపమొచ్చింది. నేల మీద కపులానా గుడ్డ పరిచి, పాత డబ్బాతో కొలిచి పోస్తోంది. పక్కన సంచీని అక్షరాలు లోపలికి పోయేలా మడిచింది కానీ, ఒక మూల బయటికే ఉంది. 'అమ్మకానికి కాదు' అని పోర్చుగీసులో. ఎక్కడెక్కడి జనమో చందాలేసి పంపిస్తే అమ్ముకుంటారా, సిగ్గు లేదా అని నాకొచ్చిన అరకొర పోర్చుగీసులో అరిచాను. ఆమె ఒక్క మాట అనలేదు. నాలుగు కొసలూ పట్టి మూట కట్టుకుని ఇంకో వైపు వెళ్ళిపోయింది.

షాపుకొచ్చి ఇదంతా వాచ్‌మన్‌కి ఘనకార్యంలా చెప్పాను. అరవై దాటిన మనిషి, నేను పపా అంటాను. ఇల్లు మున్యావాలో, ఊళ్ళో అన్నిటికంటే ముందు నీళ్ళు నిలిచే పేట. తుఫాను రాత్రి మా గోడౌన్ కాపలా కాస్తుంటే అక్కడ ఆయన ఇంటి పైకప్పు ఎగిరిపోయింది. అంతా విని, "బియ్యం వానకి తల మీద కప్పుకుంటారా, పత్రావ్?" అన్నాడు. ఆ తర్వాతే ఆ రేటు ప్రశ్న.

అట్టముక్క మీద ఉన్నది నా చేతిరాతే. ఇంటి మీద వేసుకునే జింకు రేకు ధర. తుఫాను తర్వాత మొదటి పది రోజుల్లో రెండుసార్లు కొట్టేసి కొత్తది రాశాను. సేఠ్ ఫోన్ చేసి "రోడ్డు తెగింది, స్టాకు రాదు, రేటు మార్చు" అన్నాడు, మార్చాను. ఆ రేకులు జనవరిలో దిగిన సరుకని నాకు తెలుసు, రిజిస్టర్లో ఎక్కించిందీ నేనే. జీతగాడిని, నా కాగితాలన్నీ ఆయన చేతిలో ఉన్నాయి, నేనేం చెయ్యగలను అని మీరే కాదు, నేనూ చాలాసార్లు చెప్పుకున్నాను. ఆ రోజుల్లో షాపు ముందు పిల్లలు కూలిన చెక్కల్లోంచి వంకర మేకులు ఊడబెరికి, రాయి మీద పెట్టి ఇంకో రాయితో కొట్టి తిన్నగా చేసేవాళ్ళు. గుప్పెడు కాగానే అమ్ముకునేవాళ్ళు. మా కొత్త మేకులు కొనలేనివాళ్ళు అవి కొనేవాళ్ళు. 'మన వ్యాపారానికి అడ్డం' అని నేనే ఒకసారి వాళ్ళని తరిమాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఇదాయ్‌కి ఐదు నెలల ముందే, 2018 అక్టోబరులో, తిత్లీకి మా కొబ్బరిచెట్లూ జీడితోటా నేలకొరిగాయి. సాయం బియ్యం వస్తే అమ్మ అందులో సగం అమ్మేసి టార్పాలిన్ పరదా కొంది. ఫోన్లో చెబితే "మంచి పని చేశావు" అన్నాను. అమ్మ చేస్తే తెలివి. మకినీనోలో ఆమె చేస్తే దొంగతనం.

మా దగ్గర పద్ధతులు వేరు అని వాదించొచ్చు. హెచ్చరికలూ, షెల్టర్లూ, చెట్టుకింత పరిహారమని లెక్కా ఉన్నాయి. కానీ 1977లో దివిసీమలో వేలమంది పోయాక కదా మనకీ అవన్నీ వచ్చింది? ఇక్కడ సాయం లిస్టులో పేరుండాలంటే స్థానిక పెద్దలు ఆడవాళ్ళని ఏమేం అడిగారో హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ ఆ ఏప్రిల్‌లోనే బయటపెట్టింది. చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ సంచీ ఆమె చేతికి ఎలా వచ్చిందో నేను అడగనే లేదు. మొక్కజొన్న కోతకొచ్చే వేళకి చేలు మునిగాయి. దేశానికి ఐఎంఎఫ్ 11.8 కోట్ల డాలర్లిచ్చింది, వడ్డీ లేదు కానీ అప్పే. ఊళ్ళో కలరా. టీకాలకి బారులు. ఇన్నిటి మధ్యలో ఆమె డబ్బా బియ్యం నాకు కనపడింది.

ఆ తర్వాత ఆమె కోసం రెండుసార్లు మార్కెట్‌కి వెళ్ళాను, కనిపించలేదు. కనిపిస్తే ఏమనేవాడినో తెలీదు.

నెలాఖరున జీతం తీసుకుని పపా నాలుగు రేకులు కొన్నాడు. అట్టముక్క మీద ఉన్న రేటుకే. బిల్లు నేనే రాశాను. మేకులు కాస్త కావాలంటే డబ్బాలో చెయ్యి పెట్టి, రెండు గుప్పెళ్ళు తీసి కాగితంలో పోసి ఇచ్చాను. ఆయన ఆ పొట్లం తీసుకోలేదు. కాటా మీద పెట్టి, "తూకం వెయ్యండి, పత్రావ్" అన్నాడు.