స్లో కుక్కర్‌లో చికెన్ నూడుల్ సూప్: నూడుల్స్ ఎప్పుడు వేయాలి?

అనంతపురంలో చికెన్ అంగడికి పోయి కోడి అడిగితే, చెప్పేలోపే చర్మం తీసి చిన్న ముక్కలు కొట్టేస్తారు. కూరకు అది సరిపోతుంది, ఈ సూప్‌కు పనికిరాదు. గంటల తరబడి ఉడికాక ఎముక పెంకులు విడిపోయి పంటికింద తగులుతాయి. అందుకే నేను తొడలు, కాళ్లు కొట్టకుండా, ఎముకతోనే తీసుకుంటాను. నాలుగు లీటర్ల స్లో కుక్కర్‌కు (తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు గిన్నె) 900 గ్రాములు చాలు. బ్రెస్ట్ పీసులు వద్దు. వాటిలో జిగురు తక్కువ కాబట్టి ఆరు గంటలు ఉడికితే పొడిబారి పీచులైపోతాయి. కీళ్ల దగ్గరుండే జిగురు నిదానంగా కరిగితేనే సూప్‌కు ఒళ్లు వస్తుంది.

స్లో కుక్కర్ దేన్నీ ఎర్రగా వేయించలేదు. ఆ పని ముందే పొయ్యి మీద కావాలి. రెండు చెంచాల శెనక్కాయ నూనెలో రెండు ఎర్రగడ్డలు, ఆరు తెల్లగడ్డ రెబ్బలు, అంగుళం అల్లం వేయించి తీసి, అదే బాణలిలో చికెన్‌ను రెండు వైపులా రంగు మారేదాకా తిప్పుతాను. ఈ పది నిమిషాలు వదిలేస్తే సూప్ చప్పగా, ఉడికించిన నీళ్ల వాసనతో ఉంటుంది.

కుక్కర్‌లో అడుగున రెండు క్యారెట్లు లావు ముక్కలుగా వేయాలి. దుంపలు మాంసం కన్నా నిదానంగా ఉడుకుతాయి, వేడి తగిలేది అడుగున, అంచుల్లోనే. పైన వేయించినవి, చికెన్, పదిహేను మిరియాలు, చిటికెడు పసుపు, చెంచాన్నర ఉప్పు. ఈ సూప్‌లో మామూలుగా వేసే సెలెరీ కాడలు ఇక్కడ దొరకడం కష్టం. కొత్తిమీర కాడలు దారంతో కట్టి వేస్తే చాలు, రుచి వేరైనా బాగుంటుంది. నీళ్లు లీటరున్నర మించొద్దు. మూత కింద ఆవిరి మళ్లీ లోపలే పడుతుంది, పొయ్యి మీద మాదిరి ఇగరదు.

ఫ్రీజర్‌లో గడ్డకట్టిన చికెన్ నేరుగా వేయకూడదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. గడ్డకట్టిన ముక్క ఆ మధ్యలోనే చాలాసేపు ఉండిపోతుంది.

బాయిలర్ కోడికి కుక్కర్ ‘లో’ సెట్టింగ్‌లో ఆరు నుంచి ఏడు గంటలు, ‘హై’ సెట్టింగ్‌లో మూడున్నర నుంచి నాలుగు. రెండూ చివరికి చేరేది దాదాపు ఒకే వేడికి, ఎంతసేపట్లో చేరతాయన్నదే తేడా. ముదురు నాటుకోడికి ‘లో’లో తొమ్మిది గంటలైనా పట్టొచ్చు. రుచికి మాత్రం దాన్ని మించింది లేదు. మధ్యలో మూత తీసి చూడొద్దు. పోయిన వేడి తిరిగి రావడానికి ప్రతిసారీ 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది.

ఎండాకాలం కరెంటు సంగతి ముందే ఆలోచించుకోవాలి. తిప్పే నాబ్ ఉన్న కుక్కర్ కరెంటు రాగానే మళ్లీ మొదలవుతుంది, డిజిటల్‌వి చాలావరకు ఆగిపోయే ఉంటాయి. ఇంట్లో ఉంటే వెంటనే గ్యాస్ మీదికి మార్చి ఉడికించేయండి. ఎంతసేపు పోయిందో తెలియకపోతే, ఉడికినట్టు కనిపించినా పారబోయడమే మేలు.

చికెన్ తీసి ఎముకలు వేరుచేసి, మాంసం చీల్చి మళ్లీ వేస్తాను. ఇక నూడుల్స్. మొదట్లోనే వేస్తే పిండి కరిగి సూప్ గంజి అవుతుంది. ఒక్కపూటలో అయిపోయేదైతే కుక్కర్‌ను ‘హై’కి తిప్పి, 150 గ్రాముల ఎండు గోధుమ నూడుల్స్ చివరి పావుగంటలో వేస్తాను. మిగులుతుందనుకుంటే వేరే గిన్నెలో కాస్త పలుకుండగానే ఉడికించి, వడకట్టి, వడ్డించేటప్పుడు కలుపుతాను. సూప్‌లోనే ఉంచితే తెల్లారేసరికి రసమంతా పీల్చేస్తాయి. నూడుల్స్ లేకపోతే వేయించిన సేమ్యా కూడా పనికొస్తుంది, అయితే చివరి పది నిమిషాల్లోనే వేయాలి. నిమ్మరసం మాత్రం గిన్నెలో పోసుకున్నాకే.

మిగిలిన సూప్‌ను కుక్కర్ లోపలి బరువైన పింగాణీ గిన్నెలోనే వదిలేస్తే చాలాసేపు ఆరదు. వెడల్పు గిన్నెల్లోకి మార్చి, మన ఎండల్లో గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టాలి. మళ్లీ వేడిచేయడం స్లో కుక్కర్‌లో కాదు, పొయ్యి మీద తెర్లేదాకా.